బాపు పడుకొని చూసిన మంచం

జడ్చర్ల చౌరస్తా దాటాక హైవే పక్కన కొత్తగా ఒక షోరూం పెట్టారు. అద్దాల తలుపులు, లోపల ఏసీ, గోడ పొడుగునా చక్రాల కుర్చీలు, మంచాలు, వాకర్లు. మా అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి, ఆసరా లేకుండా వంటింట్లోకి కూడా పోలేకపోతున్నది. ఆమె కోసమే వెళ్ళాను. ఒక వాకర్ బాగుందనిపించి పట్టుకొని నడిచి చూద్దామనుకుంటే, అమ్మే కుర్రవాడు పరుగున వచ్చి, "మేడమ్, ప్లాస్టిక్ తియ్యొద్దు. ఇంతవరకు ఎవ్వరూ ముట్టని పీస్ అది" అన్నాడు. ఆ మాటతో పాటే కొత్త రంగు వాసన, ప్లాస్టిక్ వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. వాకర్ వదిలేసి వెనక్కి జరిగాను.

కొత్త వస్తువు వాసన అందరికీ ఇష్టమే. నాకు మాత్రం రోత. చిన్నప్పుడు ఈ లెక్క తలకిందులుగా ఉండేది. అప్పుడు నా రోతంతా మా ఇంటి మీదనే.

తెలంగాణ వచ్చిన కొత్త రోజులు. పాలమూరు జిల్లా ఇంకా ముక్కలు కాలేదు. ఎక్కడెక్కడి పల్లెల రోగులూ పాలమూరు పెద్ద దవాఖానకే వచ్చేవారు. ఆ దవాఖాన ఎదురు సందులో మా బాపుకు చిన్న దుకాణం ఉండేది. మంచాలు, చక్రాల కుర్చీలు, చంకకర్రలు, ఆవిరి పట్టే మిషన్లు, గాలి పరుపులు కిరాయికి ఇచ్చేవాడు. బోర్డు మీద పేరు ఏదో ఉండేది గానీ అందరూ రోగాల దుకాణమనే అనేవారు. ముందు దుకాణం, దాని వెనక మా ఇల్లు, ఇంటి వెనక గచ్చు వాకిలి, నల్లా, ఆ పక్క సందులోకి ఒక తలుపు.

కిరాయికి పోయిన సామాను మళ్ళీ వచ్చినప్పుడు ఎట్లా ఉండేదో చెప్తే అన్నం తినేవాళ్ళు లేచిపోతారు. పరుపుకు మూత్రం వాసన, తలవైపు కొబ్బరినూనె జిడ్డు, కడ్డీల సందుల్లో ఎండిపోయిన జావ, పుండ్లకు రాసిన మందు మరకలు. కమోడ్ కుర్చీల సంగతి చెప్పనే వద్దు. మా అమ్మ కొంగు నడుముకు చెక్కి, పొయ్యి మీద గుండిగెడు నీళ్ళు వేపాకు వేసి మరిగించి, బ్లీచింగ్ పౌడర్ చల్లి, కొబ్బరి పీచుతో ఒక్కొక్క కడ్డీ రుద్దేది. ఆమె వేళ్ళ సందులు ఎప్పుడూ పగిలి ఉండేవి. సాయంత్రం అదే చేతులతో జొన్న రొట్టెలు కొడుతుంటే నేను కళ్ళార్పకుండా చూసి, ఆకలి లేదని చెప్పి లేచిపోయేదాన్ని.

"అత్తగారి బుద్ధులు గిట్లనే వస్తయి మనుమరాండ్లకు" అనేది అమ్మ, బాపు తల్లి మా అవ్వకు వినపడేటట్టు.

అంతకంటే రోత ఇంకొకటి ఉండేది. కడిగి ఎండిన మంచాన్ని దుకాణంలోకి తేగానే బాపు చెప్పులు విప్పి దాని మీద వెల్లకిలా పడుకునేవాడు. అటు తిరిగేవాడు, ఇటు తిరిగేవాడు. ముక్కు ఆనించి వాసన చూసేవాడు. తర్వాత మంచం కిందికి దూరి, మర తిరుగుతుందో లేదో చూసి నూనె వేసేవాడు. కమోడ్ కుర్చీ అయితే ప్యాంటుతోనే దాని మీద కూర్చొని, తీరుబడిగా పేపరు చదివేవాడు. అదీ రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనపడేటట్టు. ఒకసారి మా బడి పిల్లలు గుంపుగా పోతూ చూశారు. మర్నాడు నేను అన్నం డబ్బా మూత తీస్తే, పక్కన కూర్చున్న పిల్ల తన ఉడకబెట్టిన గుడాలు తీసుకొని జరిగి కూర్చుంది.

ఇంటికొచ్చి బాపు మీద విరుచుకుపడ్డాను. "ఛీ, నీకు రోత గాదా బాపూ?"

"రోతనే బిడ్డా. రోతగుంటె మల్ల కడగమంట. మనం పండలేని మంచం మీద మందిని ఎట్ల పండవెడ్తం?"

ఈ మనిషితో వాదించి లాభం లేదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మా అవ్వది నా పార్టీయే. తిరిగొచ్చిన సామాను ముందు తలుపు నుంచి రాకూడదని ఆమె శాసనం. వెనక సందులోంచి రావాలి, గచ్చు మీదే ఆగాలి. అది వచ్చిన దారి పొడుగునా పసుపు నీళ్ళు చల్లేది. "ఊర్ల సావులన్ని మా ఇంటికే తెస్తడు నా కొడుకు" అని నల్లా కాడికి వచ్చిన ప్రతి ఒక్కరితో అనేది. చుట్టాలు కూడా మా ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి వెనకాడేవారు. అందరికంటే ఎక్కువగా మా పెద్దమ్మ. వస్తే గడప బయటే స్టూలు వేయించుకొని, ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు తాగేది. అట్లాంటి పెద్దమ్మ ఒకరోజు దుకాణంలో అట్టపెట్టెలో తళతళలాడే స్టీలు గిన్నె ఒకటి చూసి ముచ్చటపడింది. లోతుగా, ఒక పక్క వెడల్పుగా, పట్టుకోను పిడితో ఉంది. బాపు లేని వేళ మమ్మల్నెవరినీ అడగకుండా సంచిలో వేసుకొని పోయింది. తర్వాత వాళ్ళింటికి భోజనానికి పోతే, అందరి నడుమ అదే గిన్నెలో పచ్చిపులుసు పెట్టి, ఉల్లిగడ్డలు వేసి కలుపుతున్నది. అది మంచం పట్టిన వాళ్ళ కింద పెట్టే బెడ్‌ప్యాన్. అమ్మ, బాపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాపు పులుసు పోసుకొని తిన్నాడు. నేను మాత్రం నోట్లో ముద్ద మింగలేక, కక్కలేక గుడ్ల నీళ్ళు కుక్కుకున్నాను.

దారిలో అమ్మ నవ్వాపుకోలేక, "నయం, కొత్తదే" అంది.

బాపు వ్యాపారానికి ఇంకో పెద్ద చిక్కు ఉండేది. మంచం కోసం వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే అడిగేవారు. "దీని మీద ఎవలన్న పోయిన్రా?" పోలేదు అంటే తీరిపోతుంది. బాపు అనడు. "పోయినోళ్లు ఉన్నరు, లేసి నడిసినోళ్లు ఉన్నరు. కడిగినం, నేను పండి సూసిన" అనేవాడు. సగం మంది అక్కడే వెనక్కి తిరిగి ఎదురు దుకాణానికి పోయేవారు. అందులో అన్నీ ప్లాస్టిక్ కవర్లు చుట్టి ఉండేవి. ఆ దుకాణం ఆయన గడప మీద నిలబడి, మా బాపును చూసి పళ్ళికిలించేవాడు.

ఆ ఏడు సీతాఫలాల కాలం నాకు బాగా గుర్తు. గుట్టల మీది నుంచి గంపలకొద్దీ కాయలు వచ్చేవి. పచ్చివి కొని, వాకర్లు వచ్చిన అట్టపెట్టెల్లో గడ్డి పరిచి, నేనూ తమ్ముడూ మాగబెట్టేవాళ్ళం. దుకాణమంతా ఫినాయిల్ వాసన, మాగిన సీతాఫలం వాసన. ఎవరూ లేనప్పుడు తమ్ముణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి సందు వాలులో వదిలేసేదాన్ని. వాడు కాయ తింటూ, గింజలు ఊస్తూ టీ హోటలు దాకా పోయి గోడకు తగిలి ఆగేవాడు.

ఆ రోజుల్లోనే మంచం పోయింది. మా దుకాణంలో తల లేచే మంచాలు రెండే. కాళ్ళ దగ్గర పిడి తిప్పితే తలవైపు పైకి లేస్తుంది, మనిషి కూర్చొని గంజి తాగొచ్చు. వాటిలో ఒకదాని కాలు చిట్లితే, బాపు దోస్తు, మేం చిచ్చా అని పిలిచే వెల్డింగ్ ఆయన తన పాత సైకిల్ ఫ్రేము ముక్క కోసి లోపలివైపు అతికాడు. ఆకుపచ్చ ముక్క. రంగు వేయమంటే, "కింద ఎవరు చూస్తరు భాయ్, మజ్బూత్ ఉన్నదా లేదా చూడు" అన్నాడు. ఆ మంచం కల్వకుర్తి దిక్కు ఒక పల్లెకు, ఊపిరాడని ముసలాయన కోసం పోయింది. ఆయన పోయాడని తెలిసి, బాపు, చిచ్చా ట్రాలీ ఆటో తీసుకొని బయలుదేరితే నేనూ ఎక్కాను.

ముసలాయన కొడుకు వాకిట్లో గుండు చేయించుకొని కూర్చున్నాడు. మంచం అడిగితే ఆశ్చర్యపోయాడు.

"సావు మంచం ఇంట్ల వెట్టుకుంటరా సారూ? బట్టలు, బొంత, మంచం అన్ని ఊరవతల పారేసినం. మా తాన గంతే."

"కిరాయి మంచం గదనే" అన్నాడు చిచ్చా.

"కిరాయిదైతేంది, సచ్చింది మా నాయిననే గదా."

చిచ్చా ఆటో స్టార్ట్ చేశాడు. ఊరు దాటి తుమ్మచెట్ల దగ్గరికి పోయాం. చినిగిన బొంత ఉంది, పగిలిన కుండ ఉంది, వాడిన బంతిపూలు ఉన్నాయి. మంచం లేదు. నేల మీద మంచం కాళ్ళు ఈడ్చిన గీతలు రోడ్డు దాకా పోయి ఆగిపోయాయి.

"ఇనుప సామానోడు ఏస్కపోయిండు" అన్నాడు చిచ్చా.

బాపు కాసేపు ఆ గీతలు చూసి, "పోనియ్యి. ముసలాయన ఆఖరు దినం దాక కూసోని గంజి తాగిండంట. మంచం పని మంచం చేసింది" అన్నాడు. నేనైతే ఆ బొంత వాసన, ఆ పూల వాసన పోక తిరుగుదారి పొడుగునా ముక్కు మూసుకొనే కూర్చున్నాను.

బతుకమ్మ ముందు అవ్వ పడింది. గునుగు పూల కోసం ఆడవాళ్ళతో గుట్ట దిక్కు పోయి, బండ మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్ వద్దు, పడుకోబెట్టి చూసుకోండి అన్నారు డాక్టర్లు. నులక మంచం మీద పడుకోబెట్టాం. లేపాలంటే ఇద్దరు పట్టాలి, లేపిన ప్రతిసారీ సందంతా వినపడేటట్టు అరిచేది. పడుకొనే తాగితే పొలమారేది. చూస్తుండగానే నడుం కింద చర్మం ఎర్రబడి, నీరు కారి, పుండయింది. ఊరందరికీ మంచాలిచ్చే మనిషి తల్లి నులక మీద పుండు పడుతున్నది. తల లేచే రెండో మంచం దుకాణంలో కడిగి తయారుగా ఉంది.

"నన్ను సచ్చినోళ్ల మంచం మీద పండవెడ్తవారా? దిక్కులేనిదాన్నా నేను?" అని అవ్వ గోడవైపు మొఖం తిప్పుకుంది.

అమ్మ బాపును పక్కకు పిలిచింది. "కొత్తదని చెప్తె ఏం పోతది? ముసలామెకు ఏం తెలుస్తది?"

"మందికి చెప్పని అబద్ధం అమ్మకు చెప్పాల్నా?"

"పుండు పురుగు పట్టేదాక నిజమే చెప్పుకుంట కూసో మరి!" అని అమ్మ చేతిలో చెంబు గచ్చు మీదికి విసిరేసింది. మా ఇంట్లో చెంబు విసరడం అదే మొదటిసారి. నాకూ బాపు మీద ఒళ్ళు మండింది. ఆ పుండు వాసన ఇల్లంతా తెలుస్తున్నది, ఈయనేమో సత్యం పట్టుకొని వేలాడుతున్నాడు అనుకున్నాను.

అప్పుడు వచ్చాడు కాకా. బాపు తమ్ముడు. ప్లాట్ల దందా చేసేవాడు, తెల్ల చొక్కా, తెల్ల కారు. అన్న చేసే పని చెప్పుకోవడం ఆయనకు చిన్నతనం. "నీ దిక్కుమాలిన సామాను నా తల్లికి ఒద్దు. నేను కొత్తది తెస్త" అని, ఎదురు దుకాణంలోంచి తల లేచే మంచం ఒకటి మోయించుకొని వచ్చాడు. తెల్లగా మెరిసిపోతున్నది, చుట్టూ ప్లాస్టిక్. ముందు తలుపు నుంచే తెచ్చారు. అవ్వ చెయ్యి చాచి ఆ ప్లాస్టిక్ ముట్టుకొని చూసింది. పడ్డ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"చిన్నోడు తెచ్చిండు సూడు, కొత్తది" అంది.

"జర ఆగుండ్రి. నేను పండి సూడాలె" అన్నాడు బాపు.

"కొత్త మంచం గూడ పండి సూస్తవా? నీ పిచ్చి పాడుగాను!" అని కాకా నవ్వాడు.

బాపు ప్లాస్టిక్ చించి పడుకున్నాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ముక్కు ఆనించి అట్లాగే ఉండిపోయాడు. తర్వాత కిందికి దూరాడు. ఎంతసేపటికీ బయటికి రాకపోతే నేనూ వంగి చూశాను. కాలు లోపలివైపు ఆకుపచ్చ సైకిల్ ఫ్రేము ముక్క. పైపైన తెల్ల రంగు కొట్టారు, అక్కడికి కుంచె అందలేదు. రోత అది కాదు. కడ్డీల కింద ఎండిన జావ, మరకలు అన్నీ అట్లాగే ఉన్నాయి. కడగనన్నా కడగలేదు. మలినం మీదే రంగు పూశారు. ఒక మూల ఆ రంగులో బంతిపూల రేక ఒకటి ఇరుక్కొని ఉంది. నేను లేచి గచ్చు మీదికి పరుగెత్తి, తిన్నదంతా కక్కేశాను.

వచ్చేసరికి బాపు బయటికి వచ్చి నిలబడ్డాడు. కాకాకు విషయం అర్థమై, ముఖం మాడిపోయి, ఊరుకోమని సైగ చేస్తున్నాడు. అమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, చెప్పొద్దని. నేను కూడా మనసులో అదే మొక్కుకున్నాను. చెప్తే అవ్వ ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే ఆ నులక మీదే కుళ్ళిపోతుంది.

బాపు అవ్వ పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఇది మన మంచమే. కల్వకుర్తి దిక్కు ఒక పెద్దమనిషి దీని మీద పోయిండు. ఊరవతల పారేస్తె తెచ్చి రంగేసిన్రు. కడగలే."

కాకా "వాని దుకాణం ఒలగ్గొడ్త" అని లేచాడు గానీ, అవ్వ చెయ్యి ఎత్తేసరికి ఆగిపోయాడు. అవ్వ ఆ తెల్ల మంచాన్ని చాలాసేపు చూసింది. తర్వాత బాపును చూసింది.

"నువ్వు కడిగిచ్చే మంచాలు గిట్లుంటయారా?"

"ఉండయమ్మా."

"నువ్వు పండినంకనే ఇస్తవా అందరికి?"

"పండినంకనే."

అవ్వకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. కోపంతోనో నొప్పితోనో ఇప్పటికీ చెప్పలేను. "థూ" అని పక్కకు ఉమ్మి, "కొత్తదని మురిసి నా చేతులు వెట్టినా గదరా దాని మీద! కోడలా, నీళ్లు కాగవెట్టు. దీన్ని ముందల కడుగుండ్రి. కడిగినంక వాడు మల్ల పండాలె. అప్పుడు నన్ను ఏయుండ్రి" అంది.

చిచ్చా వచ్చి రంగంతా గీకాడు. అమ్మ వేపాకు నీళ్ళతో కడిగింది. అవ్వ నులక మీద నుంచే మెడ తిప్పి, "గా కాలు కాడ ఇంకా ఉన్నది సూడు, పీసు సరిగ వెట్టు" అని పురమాయించింది. పసుపు నీళ్ళ మాట ఎత్తలేదు. ఎండబెట్టి లోపలికి తెచ్చాక బాపు పడుకొని చూశాడు. తర్వాత తల్లిని రెండు చేతుల మీద ఎత్తి దాని మీద పడుకోబెట్టాడు. అమ్మ గాలి పరుపు వేసింది. పిడి తిప్పితే అవ్వ మెల్లగా లేచి కూర్చొని, ముందు నన్ను చూసి, "ఓ పిల్లా, మాగిన పండొకటి తే" అంది.

పుండు మెల్లగా మానింది. ఆ కాలమంతా ఆమె కూర్చొని సీతాఫలాలు తిన్నది, గింజలు గిన్నెలో ఊసింది. గిన్నె ఏదో అడక్కండి. చూడవచ్చిన వాళ్ళకు తనే చెప్పేది, ఈ మంచం మీద కల్వకుర్తి పెద్దమనిషి పోయిండని, ఆయనకు మనుమలు మునిమనుమలు ఉన్నారని. ఆయన ఎవరో ఆమెకు తెలియదు, మునిమనుమలు ఆమె కల్పనే. పెద్దమ్మ ముక్కు మూసుకుంటే, "ముయ్యకే, నువ్వు దేంట్ల పులుసు కలిపినవో నాకు తెల్వదా?" అని బయటపెట్టేసింది.

చలి ముదిరాక ఒక మధ్యాహ్నం అవ్వ పోయింది. శవం లేవగానే పాలోళ్ళు, మా దాయాదులు, మంచానికి తాడు కట్టారు, ఊరవతల పారేయడానికి. బాపు, కాకా అప్పటికే పాడె ముందు నడుస్తున్నారు. అమ్మ ఏడుస్తూనే వచ్చి గడపకు అడ్డం నిలబడింది.

"అది పోదు. ముసలామె నాతోని చెప్పి పోయింది. పార్నూకితే మల్ల గా ఎదురు దుకాణపోడే రంగేస్కుంటడన్నది."

పాలోళ్ళు గొణిగారు, పెద్దమ్మ శాపాలు పెట్టింది. అమ్మ కదల్లేదు. మంచం మిగిలింది.

కర్మలన్నీ అయిపోయాక దాన్ని కడిగారు. ఎండిన మంచాన్ని దుకాణంలోకి తెచ్చాక బాపు అలవాటుగా చెప్పులు విప్పి, మంచం పట్టె మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. ఎందరో పరాయివాళ్ళ మంచాల మీద పడుకున్న మనిషి, తల్లి మంచం మీద పడుకోలేకపోయాడు. మళ్ళీ చెప్పులు తొడుక్కొని పక్కకు పోయి ముఖం తుడుచుకున్నాడు. అప్పుడు నేను పడుకున్నాను. బాపు చేసినట్టే అటు తిరిగాను, ఇటు తిరిగాను, ముక్కు ఆనించి చూశాను. వేపాకు వాసన, ఎండ వాసన. ఇంకేం లేదు.

"మంచిగనే ఉన్నది బాపూ" అన్నాను.

తర్వాత మంచం కోసం వచ్చింది అచ్చంపేట దిక్కు రైతు. తండ్రికి పక్షవాతం. అలవాటు ప్రకారం అడిగాడు, దీని మీద ఎవరన్నా పోయారా అని.

"మా అమ్మ పోయింది" అన్నాడు బాపు.

ఆ మనిషి మంచాన్ని చూశాడు, బాపు గుండును చూశాడు. "మీ అమ్మనే పండవెట్టిన్రా దీని మీద? ఇంకేంది మరి, ఎక్కియ్యుండ్రి" అన్నాడు.

ఆ సందు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పులో మా దుకాణం పోయింది. చిచ్చా పోయాడు, కొన్నేళ్ళకు బాపు పోయాడు. ఇప్పటి పిల్లలకు ఈ సంగతులు చెప్తే, అందరు వాడిన సామానా, యాక్ అంటారు. నిజమే, నేనూ అట్లాగే అనేదాన్ని. ఇప్పుడు మాత్రం నిగనిగలాడే తెల్ల రంగు ఎక్కడ కనపడ్డా, దాని కింద ఏముందోనని వంగి చూస్తాను.

షోరూంలో ఇంకో దిక్కు లేక ఆ వాకరే కొని ఇంటికి తెచ్చాను. అమ్మ మంచం మీద నుంచే ప్లాస్టిక్‌ను ఎగాదిగా చూసి మొఖం చిట్లించింది.

"నువ్వు పట్టుకోని నడిసి సూసినవా?"

"నడవనియ్యలే అమ్మా. ఎవ్వరు ముట్టంది అన్నడు."

"ఛీ! ఎవ్వరు ముట్టంది నాకెందుకు తెచ్చినవే? నీళ్లు కాగవెట్టు పో."

ప్లాస్టిక్ చించి అవతల పారేశాను. వేడినీళ్ళతో కడిగి, తుడిచి, ఇంటి ముందు నుంచి వంటింటి దాకా నేను నడిచి చూశాను. అప్పుడు అమ్మ చెయ్యి చాపింది.